సున్నపు గీత లోపలి దేశం

చేవెళ్ల మార్కెట్లో కొత్తిమీర కట్టలు ఆటోలోంచి దించుతుంటే ఎంకపల్లి నుంచి ఫోన్ వచ్చింది. వదినె గొంతు. "మీ అన్న పోయిండు" అన్నది. ఏడవలేదు. ఫోన్ పెట్టేసింది.

కట్టలను పక్క గంప ఆమెకు అప్పజెప్పి మొయినాబాద్ వైపు పోయే బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని అన్న మొహం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. ముందు ఆయన కాళ్లు గుర్తొచ్చాయి.

అన్న నా తోడబుట్టినవాడు కాదు. కనకమామిడి దగ్గర ఒక ఫాంహౌస్‌కు ఆయన వాచ్‌మన్, నేను వంటమనిషిని. పట్నంలో ఒక పరాయి దేశపు కాన్సులేట్ ఆఫీసుంది. అందులో పెద్ద అధికారి ఆ ఇంటిని కిరాయికి తీసుకున్నాడు. శని, ఆదివారాలు భార్యతో వచ్చి ఉండి పోయేవాడు. మేం దొర అనేవాళ్లం. ఏ దేశమో చెప్పను. చెప్పినా ఈ సంగతిలో దానివల్ల మారేదేమీ లేదు.

ఆ దొర కారు హారన్ ముందు అన్న కాళ్లకు వినబడేది. అన్నం తింటూ ఉంటే చెయ్యి ఇంకా పళ్లెంలోనే ఉండేది, కాళ్లు మాత్రం స్టూలు కింద చెప్పుల కోసం వెతుకుతుండేవి. పాలబండి హారన్ కొడితే కదలడు. పక్క తోటవాళ్ల కారు కొడితే కదలడు. ఇది కొడితే మాత్రం ముందు బొటనవేళ్లు లేస్తాయి, తర్వాత మనిషి లేస్తాడు. ఒకసారి సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతోనే గేటు తీసి సెల్యూట్ కొట్టాడు. దొర భార్య కారులో నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

అన్న కొడుకు అప్పట్లో చేవెళ్లలో కాలేజీకి పోయేవాడు. పోతూ పోతూ తండ్రికి సద్ది ఇచ్చే వంకన వచ్చి, గోడ చాటున నిలబడి అరిచేవాడు.

"బాపూ, బండొచ్చింది. గేటు తియ్యి."

అన్న లేచేవాడు. చెప్పులు ఒకదాని బదులు ఒకటి తొడుక్కుని గేటు దాకా ఉరికేవాడు. అక్కడ కారుండదు, కొడుకు ఇకిలిస్తూ ఉంటాడు.

"నీ తాత తీస్తడురా గేటు" అని తిట్టి, టిఫిన్ డబ్బా గుంజుకునేవాడు. మళ్లీ వారం అదే ఆట, అదే పరుగు.

"ఎన్నిసార్లు మోసపోతవన్నా?" అని అడిగాను.

"నిజంగ వచ్చి ఉంటె ఎట్ల చెల్లె? పోరనిది ఆట. నాది నౌకరి."

గేటు కింద, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా అన్న ఒక సున్నపు గీత గీశాడు. ఎవరూ గీయమనలేదు. వానకు కొట్టుకుపోతే మళ్లీ గీసేవాడు. దానికి అవతల మనదేశమట, ఇవతల దొర దేశమట. పొద్దున నేను వస్తే గేటు సగమే తెరిచి అడ్డం నిలబడేవాడు.

"వీసా ఉన్నదా?"

"చీపురుకట్ట ఉన్నది. చాల్తదా?"

"చాల్తది. లోపట మాత్రం మా దేశం మర్యాద తప్పొద్దు."

కారుకు ముందూ వెనకా నీలం నంబరు పలక ఉండేది. దాని మీద తెల్లటి అంకెలు, నడుమ ఒకే తీరు రెండు అక్షరాలు. అప్పటికి నాకు చదువు రాదు. నలభై దాటాక మహిళా సంఘం గదిలో కూర్చుని తెలుగుతో పాటు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు దిద్దినప్పుడు, ఓహో ఆ రెండూ ఇవేనా అనుకున్నాను. అన్నకూ అవి చదవరావు. అయితే ఆ పలకను ఆయన తుడిచే తీరు చూస్తే అంతా చదివినట్టే ఉండేది. డ్రైవర్ కారు కడిగినా పలక మాత్రం కడగనిచ్చేవాడు కాదు. భుజం మీది తువ్వాలతో తానే తుడిచేవాడు. తర్వాత అదే తువ్వాలతో మొహం తుడుచుకునేవాడు.

ఆ పలక ఏం చేయగలదో ఆయన కళ్లారా చూశాడు, అదీ సంగతి. ఎలక్షన్లప్పుడు మొయినాబాద్ దగ్గర పోలీసులు ప్రతి బండినీ ఆపి డిక్కీలు తెరిపిస్తున్నారు. ఆ రోజు ఏవో సామాన్లు మోయడానికి అన్నను కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని డ్రైవర్ పట్నం పోతున్నాడు. ముందున్న లీడరు బండిని ఆపారు. వెనకున్న బియ్యం లారీని ఆపారు. వీళ్ల కారు దగ్గరికి వచ్చిన జవాను వంగి పలక చూసి, చెయ్యూపి పొమ్మన్నాడు. "లీడరును దింపిన్రు చెల్లె. నన్ను పొమ్మన్నరు" అని అన్న ఆ మాట ఎన్నేళ్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా ఆ జవానులాగా వంగి, లేచి, చెయ్యూపి చూపేవాడు.

ఇంకోసారి ఆ రోడ్డు మీది ఫాంహౌస్‌లన్నిట్లో పార్టీలు చేస్తున్నారని పోలీసులు సోదాకు వచ్చారు. అటూ ఇటూ తోటల్లోకి పోయారు. మా గేటు దాకా వచ్చి, సందులోంచి నీలం పలక చూసి, తమలో తాము ఏదో మాట్లాడుకుని వెళ్లిపోయారు. వాళ్లు గీత తొక్కలేదు. అన్న ఆ రోజు గీత మీద ఇంకో పూత సున్నం వేశాడు.

ఆయనకు వీటి మీద ఎంత నమ్మకమంటే, ఒకసారి వరండాలో దొర పెట్టిన నల్ల సంచిని నేను ఊడ్చడానికి జరపబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"అది ముట్టకు. దొరల సంచి ఇమానంల గూడ తెరువరట. ఏ సర్కారు తెరువరాదట."

దాని చుట్టూ ఊడ్చాను. సాయంత్రం దొర ఆ సంచి విప్పి, మాంసం కాల్చుకోవడానికి బొగ్గులు బయటికి తీశాడు. నేను అన్న వైపు చూశాను. అన్న ఏమీ తగ్గలేదు. "బొగ్గులైతేంది? ఎవలన్న తెరిచిన్రా?" అన్నాడు.

ఇట్లా నవ్వుకుంటూ ఉండగానే అన్న వాళ్ల భూమి మీదికి ఆపద వచ్చింది.

ఎంకపల్లిలో అన్నకు చిన్న చెలక, వానకు పండే మెట్ట భూమి. పక్కన ప్లాట్ల వెంచర్ పడింది. ఒక పొద్దున చూస్తే చెలక నడుమ నుంచి రాతి కడీలు పాతి, ముళ్ల తీగ చుట్టి ఉంది. తిరగాల్సిన చోటల్లా తిరిగాడు. ఎవరూ రాలేదు. అప్పటికి చదువు ముగించి ఇంట్లో ఉన్న కొడుకు, ఇద్దరు దాయాదులను వెంటేసుకుని పట్టపగలు పోయి కడీలు పీకాడు. అడ్డమొచ్చిన వెంచర్ మనిషి తల పగిలింది. గడ్డపార ఎవరి చేతిలో ఉందో నేను చూడలేదు. కొడుకు తాను కడీ తప్ప మనిషిని ముట్టలేదని చెప్పాడు. కేసు మాత్రం ముగ్గురి మీదా అయింది.

చేవెళ్ల కోర్టు దగ్గర ఒక వకీలుంటే అన్న, వదినె పోయి కలిశారు. ఆయన చెప్పింది చిన్న మాట. పిల్లగాణ్ణి దాచొద్దు, తనంతట తాను కోర్టుకు వచ్చి నిలబడితే బెయిల్ అడగడానికి నాకు మొహం ఉంటుంది, పారిపోయాడన్న పేరు పడితే కష్టం. కొడుకు కూడా అదే అన్నాడు. పోతాను, ఏం చేస్తే అది చేయనీ అన్నాడు.

అన్న విన్నాడు. ఇంటికి పోలేదు. తిన్నగా కొడుకును తీసుకొచ్చి గీత దాటించి, గేటు వేసి, లోపల మోటరు రూములో కూర్చోబెట్టాడు.

నేను అన్నం తీసుకుపోతే ఆ పిల్లవాడు తినకుండా నా మొహం చూశాడు.

"అత్తా, నువ్వన్న చెప్పు బాపుకు. నేను కోర్టుకు పోత. ఈడ కూసుంటె దొంగలెక్క ఉన్నది."

చెప్పాను. అన్న గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"వకీలుకు చట్టం ఎరుక. నాకు ఈ గేటు ఎరుక" అన్నాడు. "పెద్ద పెద్దోళ్ల బండ్లు ఆపినోళ్లు నా ముందు ఆగిన్రు. స్టేషన్ల ఏసి కొడితె నా పోరడు ఆగుతడా? జర చల్లవడ్డంక నేనే తీసుకపోత. ఫికర్ చెయ్యకు. గీత లోపట ఉన్నన్ని దినాలు వాణ్ణి ఎవ్వలు ముట్టరు."

అంత నిబ్బరంగా చెబితే నాకూ నిజమే అనిపించింది. ఆ గేటు ముందు పోలీసులు వెనక్కి తిరగడం నేనూ చూశాను కదా.

ఆదివారం పొద్దున జీపు వచ్చింది. దొర, దొరసాని వరండాలో టీ తాగుతున్నారు. మోటరు రూములో ఎవరున్నారో వాళ్లకు తెలియదు. ఎస్సై జీపు దిగి, టోపీ సరిచేసుకుని, గీతకు అవతలే నిలబడ్డాడు. గేటు సందులోంచి దొరకు నమస్కారం పెట్టాడు.

"సార్, మీరు ఒప్పుకుంటేనే లోపలికి వస్తాం. లేదంటే పోతాం" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు అన్న మొహం చూడాలి. చూశావా అన్నట్టు నా వైపు తిరిగాడు. ఇన్నాళ్లు తాను చెప్పిందంతా ఆ ఒక్క మాటతో రుజువైంది.

దొర గేటు దాకా నడిచి వచ్చాడు. ఆయనకు నాలుగు హిందీ మాటలు వచ్చు. "అందర్ కౌన్ హై?" అని అన్నను అడిగాడు.

"మేరా బేటా, సాబ్."

దొర పక్కకు పోయి ఫోన్లో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు. వచ్చి, డ్రైవర్‌కు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. డ్రైవర్ నేల చూస్తూ మాకు తెలుగులో చెప్పాడు.

"సార్ ఏమంటున్నడంటె అన్నా, ఆ మర్యాద వాళ్ల దేశం పనికి ఇచ్చిందట. తన సొంతానికి గూడ కాదట. పోలీసులు రావద్దన్నది పట్నంల ఆఫీసుకే గానీ ఈ ఇంటికి లేదట. నీకూ లేదు, నాకూ లేదు. మనం ఈ దేశపోళ్లం."

"మరి ఇన్నొద్దులు ఎందుకు ఆగిన్రు?" అన్నాడు అన్న.

ఎస్సైకి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. అయినా గీత దగ్గరే నిలబడ్డాడు.

అన్న దొర కాళ్ల మీద పడ్డాడు. "సాబ్, ఒక్క మాట. వద్దను సాబ్. నువ్వు వద్దంటె వాళ్లు పోతరు." నిజమే. దొర ఆ రోజు తల అడ్డంగా ఊపి ఉంటే ఆ జీపు వెనక్కి పోయి ఉండేది. అది అక్కడున్న అందరికీ తెలుసు, దొరకు కూడా. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, కాళ్లు విడిపించుకుని, మెల్లగా చెప్పాడు.

"గేట్ ఖోలో."

అన్న లేచాడు. అన్నీ మరిచిపోగలను గాని ఆ లేవడం మరిచిపోలేను. హారన్ విన్నప్పుడు లేచినట్టే లేచాడు. కాళ్లు చెప్పులు వెతుక్కున్నాయి. గడియ తీశాడు, రెండు తలుపులూ గోడదాకా నెట్టాడు. జీపు లోపలికి వచ్చింది. మోటరు రూము నుంచి కొడుకు తానే నడిచి వచ్చాడు. జవాన్లు చెయ్యి వేయలేదు, పక్కన నడిచారు. వాణ్ణి ఎక్కించుకుని జీపు గీత దాటుతుంటే అన్న కుడి చెయ్యి లేచి నుదుటికి తగిలింది. గేటులోంచి పోయే ప్రతి బండికీ కొట్టే సెల్యూట్ అది. చెయ్యి దానంతట అది చేసింది.

జీపు వెనక కూర్చున్న కొడుకు అది చూశాడు.

అప్పటినుంచి అన్న కుడి చెయ్యి ఎప్పుడూ తువ్వాల కిందే ఉండేది. ఎవరికైనా నమస్కారం పెట్టాల్సి వస్తే తల మాత్రం వంచేవాడు. టీ గ్లాసు ఎడమ చేత్తో అందుకునేవాడు.

కాన్సులేట్ ఆఫీసు వాళ్లు ఆయన్ను పనిలోకి రావద్దన్నారు. కొడుకు బెయిల్ మొదటిసారి కొట్టేశారు, పారిపోయి దాక్కున్నాడని అవతలివాళ్లు గట్టిగా చెప్పారట. అన్న వకీలు దగ్గరికి పోయి, "వాడు యాడికి పారిపోయిండు? తండ్రి తాన ఉన్నడు. పిలిస్తె నడిచొచ్చిండు. దొర చూసిండు. దొరను కోర్టుకు పిలువున్రి" అన్నాడు.

నేనూ వెంట ఉన్నాను. వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పిలవొచ్చు పెద్దమనిషీ. సాక్ష్యానికి రమ్మని అడగొచ్చు. రానంటే మాత్రం ఏ కోర్టూ ఆయన్ను బలవంతం చేయలేదు, శిక్ష వేయలేదు. ఆ రక్షణ మాత్రం ఆయనకు నిజంగానే ఉంది."

మెట్లు దిగాక అన్న నాతో అన్నాడు. "గేటుకు లేదట. నా పోరనికి లేదట. ఒక్క మాట చెప్పకుండ ఉండెతందుకు మాత్రం ఉన్నదట."

ఆ మరుసటి శనివారం దొరకు టీ ఇచ్చేటప్పుడు నేను డ్రైవర్‌ను పక్కన నిలబెట్టుకుని అడిగాను. ఆ పిల్లవాడు తనంతట తాను నడిచి వచ్చాడని కోర్టులో చెప్పమన్నాను. దొర చెడ్డవాడు కాదు. ఆ మాటకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కప్పులోకి చూస్తూ ఏదో అన్నాడు. "వాళ్ల ఆఫీసు ఒప్పుకోలేదట" అన్నాడు డ్రైవర్. టీ అట్లాగే చల్లారింది. నేను కప్పు తీసుకుపోయి పారబోశాను.

అన్న ఆశ విడవలేదు. పట్నంలో వాళ్ల ఆఫీసు వెతుక్కుంటూ పోయాడు. అక్కడ పెద్ద గేటు, దాని ముందు ఒక వాచ్‌మన్.

"ఏం చెప్పిండన్నా?" అని అడిగాను తిరిగొచ్చాక.

"ఏం చెప్తడు? నేను ఇరువై ఏండ్లు మందికి చెప్పిందే చెప్పిండు. సార్ లేరు, దూరం జరుగు అన్నడు." మళ్లీ తానే అన్నాడు. "మంచిగనే నిలవడ్డడు గాని, హారన్ కొట్టినంక లేస్తున్నడు. నేనైతె ముందే లేచేటోణ్ణి."

దొరకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఈ ఇల్లు వద్దన్నాడు. నేను కూరగాయల బేరంలోకి దిగాను. కొడుకు చివరికి బెయిల్ మీద బయటికి వచ్చేసరికి చెలకలో కడీలు మళ్లీ లేచాయి. వాటి అవతల గోడలూ లేచాయి. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. అదే ఇల్లు, అదే కప్పు కింద తండ్రీ కొడుకులు. కొడుకు పని చేసేవాడు, ఇంటికి సరుకులు తెచ్చేవాడు, తండ్రిని దవాఖానకు బండి మీద తీసుకుపోయేవాడు. మాట మాత్రం లేదు. "బాపును తినుమను" అని తల్లితో చెప్పేవాడు. బాపు పక్కనే కూర్చుని ఉండేవాడు.

పోయిన ఎండాకాలం నేను చూడటానికి పోతే అన్న అరుగు మీద ఉన్నాడు. కొడుకు బండి స్టార్ట్ చేస్తున్నాడు. అన్న నా వైపు వంగి గుసగుసగా అన్నాడు.

"తిట్టినా మంచిగుండు చెల్లె. ఎందుకు తీసినవే ముసలోడా అని ఒక్కపారి అడిగినా మంచిగుండు. నా తాన జవాబు గూడ లేదు. కాని అడిగితె బాగుండు."

కొడుకు విన్నాడో లేదో. బండి పోయింది.

నేను ఎంకపల్లిలో దిగేసరికి అన్నను వాకిట్లో పడుకోబెట్టారు. కుడి చెయ్యి అప్పుడు కూడా తువ్వాల కిందే ఉంది. వదినె తీయనివ్వలేదట. కొడుకు అప్పగించిన పనులన్నీ చేస్తున్నాడు. కళ్లు పొడిగా ఉన్నాయి. నన్ను చూసి "అత్తా" అన్నాడు.

మా దిక్కు ఆడవాళ్లం దింపుడు కల్లం దాకా పోతాం. పాడెను అక్కడ ఒకసారి నేల మీద దింపుతారు. అయినవాళ్లు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఇంకా దగ్గర్లోనే తచ్చాడుతూ ఉంటే వింటుందని, మనిషి లేచి కూర్చుంటాడని ఆశ. లేచినవాణ్ణి ఎవరూ చూడలేదు. అయినా పిలవకుండా ఎవరినీ పంపరు.

పాడె దించారు. డప్పు ఆపారు. పెద్దమనిషి ఒకాయన కొడుకుతో "పిలువు బిడ్డా" అన్నాడు.

కొడుకు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. వదినె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అందరికీ తెలుసు ఆ ఇంట్లో మాట లేదని. పిలవకుండానే లేస్తాడేమో అనుకున్నాం.

"బాపూ" అన్నాడు.

గొంతు తుప్పు పట్టిన గడియలాగా వచ్చింది. మళ్లీ పిలిచాడు. "బాపూ."

మూడోసారి ఆగాడు. తండ్రి మొహం చూశాడు, తువ్వాల కింద చెయ్యి చూశాడు. చెవికి ఇంకా దగ్గరగా వంగాడు. ఈసారి అది గోడ చాటు గొంతు. కాలేజీకి పోయే పిల్లవాడి గొంతు.

"బాపూ, బండొచ్చింది. గేటు తియ్యి."

డప్పు వాళ్లు కట్టెలు ఎత్తి పట్టుకున్నారు, కొట్టలేదు. వదినె, నేను, అక్కడున్న మేమందరం, ఎవరూ చెప్పకుండానే, ఆయన కాళ్ల వైపు చూశాం.